హాంటర్‌ని ఇచ్చేస్తేనే గెంగార్

పోకెమాన్ ఆట గురించి ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. వింత వింత ప్రాణుల్ని పట్టుకుని పోగేసే ఆట అని. అమెరికాలో అమ్మేటప్పుడు పెట్టిన నినాదం కూడా అదే, అన్నిటినీ పట్టెయ్యాలని. ఇన్నేళ్ళుగా ఆ ఒక్క మాటే దానికి అతుక్కుపోయింది. కానీ 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో, నింటెండో కంపెనీ వాళ్ళ చేతిలో పట్టుకుని ఆడే పరికరం గేమ్‌బాయ్ మీద వచ్చిన రెడ్, గ్రీన్ ఆటల్నో, 1998లో ఇంగ్లీషులో వచ్చిన రెడ్, బ్లూలనో ఓపిగ్గా ఆడి చూడండి. పట్టుకోవడం అందులో మొదటి మెట్టు మాత్రమే. ఆట ప్రాణమంతా, పట్టి పెంచినదాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెట్టడంలో ఉంది. నినాదాన్ని మరిచిపోయి ఆటని కట్టిన తీరు చూస్తే ఈ సంగతి అడుగడుగునా కనిపిస్తుంది. మన దగ్గర ఈ ఆట ఆడుతూ పెరిగిన తరానికి సరిగ్గా ఆ భాగమే దక్కలేదు. అందుకే దాని గురించి రాయాలనిపించింది.

ముందు లెక్క చూద్దాం. రెడ్‌లో మొత్తం 151 పోకెమాన్‌లు. ఒక్కరే కూర్చుని, ఒక్క కాట్రిడ్జ్‌తో (గేమ్‌బాయ్‌లో పెట్టే ఆట డబ్బీ), రాత్రింబవళ్ళు ఆడినా 124 దాటి దొరకవు. మ్యూ అనేది మామూలు దారిలో దొరకదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. మిగిలిన 150లో ఇంకా 26 తక్కువ. అందులో 11 బ్లూలో మాత్రమే దొరుకుతాయి: శాండ్‌ష్రూ, వల్పిక్స్, మియావ్త్, బెల్‌స్ప్రౌట్, వాటిని పెంచితే అవి మారే పై రూపాలు, మాగ్మార్, పిన్సిర్. రెడ్‌లో దొరికే ఎకన్స్, గ్రోలిత్, స్కైథర్ లాంటివి మరో 11 బ్లూలో ఉండవు. ఆట మొదట్లో ప్రొఫెసర్ ఓక్ మూడింటిని చూపించి ఒకటి ఎంచుకోమంటాడు. మిగతా రెండూ, వాటి పై రూపాలూ కలిపి ఆరు అక్కడే పోయాయి. మౌంట్ మూన్ గుహలో రెండు శిలాజాలుంటాయి, ఒకటే తీసుకోవాలి. శాఫ్రన్ ఊళ్ళో కరాటే డోజోలో రెండింట్లో ఒకటే ఇస్తారు. ఈవీ ఒక్కటే దొరుకుతుంది, అది మారగల రూపాలేమో మూడు. ఇవన్నీ పోగా ఇంకా నాలుగు మిగిలాయి. వాటి సంగతి కొంచెం ఆగి చెబుతాను.

బ్లూలో మాత్రమే దొరికే ఆ 11 ప్రాణుల బొమ్మలు, అరుపులు, దెబ్బల లెక్కలు, అన్నీ రెడ్ కాట్రిడ్జ్‌లో కూడా ఉన్నాయి. చోటు చాలక వదిలేసినవి కావు. ఇంకొకరి ఆట నుంచి వల్పిక్స్ వస్తే రెడ్ దాన్ని చక్కగా గుర్తుపట్టి చూపిస్తుంది. కాకపోతే రెడ్‌లో ఏ గడ్డిలోనూ అది ఎదురుపడకుండా చేశారు. అన్నీ లోపల పెట్టుకుని, పక్కవాడి దగ్గరికి వెళ్ళకపోతే తెరుచుకోని తలుపులు పెట్టారన్నమాట.

ఇలా ఎందుకు చేశారో అర్థం కావాలంటే దీన్ని తయారుచేసిన సతోషి తాజిరి దగ్గరికి వెళ్ళాలి. టోక్యో శివార్లలోని మచిదాలో పెరిగాడు. చిన్నప్పుడు చెరువు గట్ల మీద, చెట్ల కింద పురుగులు పట్టడం అతని పిచ్చి. అతను పెద్దవాడయ్యేసరికి ఆ చెరువులూ పొలాలూ పోయి ఇళ్ళూ, వీడియో గేమ్ సెంటర్లూ లేచాయి. పిచ్చి కూడా పురుగుల నుంచి గేమ్‌ల మీదికి మారింది. 1983లో గేమ్ ఫ్రీక్ అని సొంతంగా ఓ పత్రిక మొదలుపెట్టాడు. అందులో బొమ్మలు వేయడానికి చేరినవాడే కెన్ సుగిమోరి. 1989లో ఆ పత్రికే ఆటలు చేసే కంపెనీ అయింది. ఈ పురుగుల కథ అందరూ చెప్పేదే. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యం అనిపిస్తుంది. తాజిరి, సుగిమోరి ఇద్దరూ డ్రాగన్ క్వెస్ట్ 2 ఆడుతున్న రోజుల్లో అందులో ఓ అరుదైన టోపీ కోసం తాజిరి తెగ వెతికాడు, దొరకలేదు. సుగిమోరికి రెండు దొరికాయి. ఒకటి వృథాగా పడి ఉంది. పక్కనే స్నేహితుడికి అది కావాలి. ఇచ్చే దారి లేదు.

పోకెమాన్ పుట్టింది ఆ చిరాకులోంచే అని నా నమ్మకం. పురుగులు పట్టిన జ్ఞాపకం దానికి రూపం ఇచ్చి ఉండవచ్చు, పని ఇచ్చింది మాత్రం ఆ టోపీయే. గేమ్‌బాయ్ వచ్చాక దాని పక్కన పెట్టే లింక్ కేబుల్‌ని తాజిరి చూశాడు. అప్పటికి ఆ తీగని ఇద్దరు పోటీ పడి ఆడుకోవడానికే వాడేవారు. టెట్రిస్‌లో నువ్వు గెలుస్తావా నేను గెలుస్తానా అని. తాజిరికి మాత్రం ఆ తీగ మీద ఒక పురుగు ఇటునుంచి అటు పాకుతూ వెళ్తున్నట్టు తోచిందట. ఆ ఊహని ఆటగా చేయడానికి దాదాపు ఆరేళ్ళు పట్టింది. ఒక దశలో ఏ రెండు కాట్రిడ్జ్‌లూ ఒకేలా ఉండకూడదు, ఒక్కోదాంట్లో ప్రపంచం ఒక్కోలా ఉండాలి అనుకున్నారు. అది కొనేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం కష్టమని, నింటెండోలో ఆటల రూపకర్త షిగేరు మియమోటో సలహాతో, చూడగానే తేడా తెలిసేలా రెండు రంగులతో సరిపెట్టారు.

ఇక ఇచ్చిపుచ్చుకునే తంతు ఎలా ఉంటుందో చెబుతాను. ఆ కాలం ఆటల్లో ఇంత శ్రద్ధగా చేసిన చోటు నాకు ఇంకోటి కనపడలేదు. ఏ ఊళ్ళో పోకెమాన్ సెంటర్‌కి వెళ్ళినా కుడివైపు ఒక కౌంటర్ ఉంటుంది. అక్కడి అమ్మాయి ముందు ఆటని సేవ్ చేసుకోమంటుంది. తీగ తగిలిస్తే ఇద్దరూ ఒక చిన్న గదిలోకి వస్తారు. మధ్యలో బల్ల, అటొకరు ఇటొకరు. ఇద్దరి దగ్గర ఉన్నవీ ఇద్దరికీ కనిపిస్తాయి. ఒకటి తీసుకోవాలంటే ఒకటి ఇవ్వాలి, ఉత్త చేతులతో తీసుకోవడానికి వీల్లేదు. ఇద్దరూ ఒప్పుకున్నాక నీ ప్రాణి బొమ్మ తెర మీద కనిపిస్తుంది, బంతిలోకి వెళ్తుంది, ఆ బంతి తీగలోంచి దొర్లుకుంటూ పోతుంది. ఫలానావాళ్ళు చేయి ఊపుతూ వీడ్కోలు చెబుతున్నారు అని అవతలివాళ్ళ పేరుతో ఒక వాక్యం వస్తుంది. తర్వాత అవతలివాళ్ళ ప్రాణి వస్తుంది, దీన్ని బాగా చూసుకో అని ఇంకో వాక్యం. నాలుగు ఛాయల తెర మీద, నిమిషం కూడా పట్టని ఆ దృశ్యంలో ఇన్ని మర్యాదలు పెట్టారు.

ఇచ్చినంత మాత్రాన బంధం తెగిపోదు. ప్రతి పోకెమాన్ లోపల దాన్ని మొదట పట్టినవాళ్ళ పేరు, వాళ్ళ ఐడీ నంబరు శాశ్వతంగా రాసి ఉంటాయి. చేతులు ఎన్ని మారినా ఆ పేరు చెరగదు. ఇంగ్లీషు రెడ్‌లో సేవ్ కోసం ఉన్నది మొత్తం 32 కిలోబైట్లు. నీ ఊరు, నీ సంచి, ఊరూరా జిమ్ నాయకుల్ని ఓడించి గెలిచిన నీ బ్యాడ్జ్‌లు, 12 పెట్టెల్లో 20 చొప్పున దాచుకునే 240 ప్రాణులు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. అంత ఇరుకులో ప్రతి ప్రాణికీ 11 బైట్లు కేవలం మొదట పట్టినవాళ్ళ పేరు కోసం కేటాయించారు. పెట్టెలన్నీ నిండితే ఆ పేర్లకే రెండున్నర కిలోబైట్ల పైన పోతుంది. ఇరుకు ఎంతటిదో తెలియాలంటే మ్యూ కథ చాలు. ఆట పూర్తయ్యి, పరీక్షల కోసం పెట్టుకున్న కోడ్ తీసేశాక 300 బైట్లు ఖాళీ అయ్యాయని, అందులో ఆఖరి నిమిషంలో ప్రోగ్రామర్ షిగెకి మోరిమోటో ఒక ప్రాణిని ఇరికించాడు. 300 బైట్లు దొరికితే పండగ చేసుకున్న చోట, పేర్లు గుర్తుపెట్టుకోవడానికి అంత ఖర్చుపెట్టారంటే వాళ్ళకి ఏది ముఖ్యమో ఇంక వేరే చెప్పక్కర్లేదు.

ఆ పేరు ఊరికే అలంకారానికి ఉన్నది కాదు. వేరేవాళ్ళ నుంచి వచ్చిన పోకెమాన్ ఒకటిన్నర రెట్లు వేగంగా అనుభవం సంపాదిస్తుంది. ఇచ్చిపుచ్చుకునేవాళ్ళకి ఆట ఇచ్చే కానుక అది. కానీ నీ దగ్గర తగిన బ్యాడ్జ్ లేకపోతే లెవెల్ ఎక్కువున్న అతిథి నీ మాట వినదు. పక్కవాడి దగ్గర బలమైనదాన్ని తెచ్చుకుని దాని మీద స్వారీ చేస్తే కుదరదు, ముందు నువ్వు దానికి తగినవాడివి కావాలి. లావెండర్ ఊళ్ళో పేర్లు మార్చే పెద్దాయన ఒకాయన ఉంటాడు. మీరు పెట్టిన పేరు అయితే మారుస్తాడు. వేరేవాళ్ళు పెట్టిన పేరుని ముట్టుకోడు, చక్కని పేరు, ఇలాగే ఉంచండి అంటాడు. ఆ పేరు పెట్టే హక్కు పెంచినవాళ్ళదే.

కళ్ళకి కనపడనిది ఇంకోటి కూడా వెంట వెళ్తుంది. ఈ ఆటలో ఓడించిన ప్రతి ప్రత్యర్థి బలంలోంచి కొంత మన ప్రాణి ఖాతాలో రహస్యంగా జమ అవుతూ ఉంటుంది. అందుకే అడవిలో 40వ లెవెల్‌లో పట్టుకున్నదాని కంటే చిన్నప్పటి నుంచి పెంచి 40కి తెచ్చినది సాధారణంగా గట్టిగా ఉంటుంది. తెర మీద ఎక్కడా ఈ లెక్క చూపించరు. దాన్ని ఇంకొకరికి ఇచ్చినప్పుడు మీరు పడ్డ కష్టమంతా దాంతో పాటే వెళ్ళిపోతుంది. అవతలివాళ్ళకి అందేది ఒక జాతి పేరు కాదు, మీ చేతుల మీదుగా పెరిగిన ఒక్కగానొక్క ప్రాణి.

మరి ఇచ్చేస్తే మన లెక్క తగ్గిపోదా? తగ్గదు. ప్రొఫెసర్ ఓక్ ఇచ్చే పోకెడెక్స్‌లో, ఒక్కసారి మీ చేతికి వచ్చిన ప్రాణి వివరాలు ఎప్పటికీ ఉంటాయి. తర్వాత అది ఎక్కడున్నా ఫర్వాలేదు. ఆ పుస్తకం నింపడానికి అన్నీ మీ పెట్టెల్లో ఉండక్కర్లేదు, ఒకసారి మీ దగ్గర ఉండి వెళ్తే చాలు. పోగుచేసే ఆటే అయితే ఈ నియమం పెట్టాల్సిన అవసరం లేదు. 150 నింపినవాళ్ళకి సెలడాన్ ఊళ్ళో, గేమ్ ఫ్రీక్ ఆఫీసులో ఇచ్చేది ఒక సర్టిఫికెట్. అంతే. డబ్బు లేదు, కొత్త ఆయుధం లేదు.

ఇప్పుడు ఆ మిగిలిన నాలుగు. కడాబ్రా, మచోక్, గ్రావెలర్, హాంటర్. వీటిని నూరో లెవెల్ దాకా పెంచినా ఆఖరి రూపానికి మారవు. ఇంకొకరికి ఇస్తేనే అలకజామ్, మచాంప్, గోలెమ్, గెంగార్ అవుతాయి. నా వాదన మొత్తం ఈ నాలుగింటి మీద ఆన్చి నిలబెట్టమన్నా నిలబెడతాను. మీరు లావెండర్ ఊరి పోకెమాన్ టవర్‌లో తిరిగి పట్టుకున్న గ్యాస్ట్లీని హాంటర్ చేశారు, గంటలకొద్దీ పెంచారు. అది సంపూర్ణం కావాలంటే మీ చేయి దాటాలి. పైగా ఆ మార్పు జరిగేది తీసుకున్నవాళ్ళ తెర మీద. మీ తెర మీద కాదు. అది మెరుస్తూ, ఆ సంగీతంతో, గెంగార్‌గా మారే క్షణాన్ని చూడాలంటే మీరు మీ గేమ్‌బాయ్ వదిలి పక్కవాళ్ళ గేమ్‌బాయ్ మీదికి వంగాలి. తర్వాత అది తిరిగి మీ దగ్గరికి రావాలంటే అవతలి మనిషి మళ్ళీ ఒప్పుకోవాలి. ఇవ్వనంటే ఆట మీ తరఫున ఏమీ చేయదు. అలా వదిలేశారు, కావాలనే.

ఇప్పుడు మన సంగతి. మా తరం తెలుగు పిల్లలకి పోకెమాన్ ముందు కార్టూన్ నెట్‌వర్క్‌లో తెలిసింది. గేమ్‌బాయ్ మాత్రం అమెరికా నుంచి ఎవరైనా తెస్తే తప్ప చూసింది లేదు. మా గుంటూరులో మా క్లాసులో ఒక్కడి దగ్గర కూడా లేదు. ఆట మాకు చేరింది చాలా ఏళ్ళ తర్వాత, కంప్యూటర్‌లో, గేమ్‌బాయ్‌ని అనుకరించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్ రూపంలో. ఒకడు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో తెస్తే వీధంతా కాపీ చేసుకునేవాళ్ళం. రెడ్, ఫైర్‌రెడ్, ఎమరాల్డ్, ఏది దొరికితే అది. స్పేస్‌బార్ నొక్కి పట్టుకుంటే ఆట పరుగెత్తేది, మనిషి కాళ్ళు గిరగిరా తిరిగేవి, సంగీతం కీచుమనేది. గంటలో అయ్యే పెంపకం పది నిమిషాల్లో అయిపోయేది. ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసి, మ్యూటూ చేజారితే మళ్ళీ వెనక్కి వచ్చేవాళ్ళం.

మాకు దొరికిన ఎమ్యులేటర్‌లో లింక్ కేబుల్ ఊసే లేదు. ఒక్కొక్కడూ ఒక్కో ఇంట్లో, ఒక్కో కంప్యూటర్ ముందు, ఒంటరిగా ఆడాం. మా అందరి దగ్గరా హాంటర్ ఉండేది, ఎవరి దగ్గరా గెంగార్ లేదు. సెంటర్‌లో కుడివైపు కౌంటర్ దగ్గరున్న అమ్మాయితో మాట్లాడితే ఏదో చెప్పేది, దాటుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఆట మధ్యలో ఒక గది మూసి ఉందని మాకు తెలియనే తెలియదు. తర్వాత అభిమానులు మార్చిన ఆటలు దొరికాయి. వాటిలో హాంటర్ ఫలానా లెవెల్‌కి రాగానే తనంతట తనే గెంగార్ అయిపోయేది. అప్పట్లో మేం ఎంత సంబరపడ్డామో నాకు బాగా గుర్తు.

విచిత్రం ఏమిటంటే, ఆ ఆట చెప్పిన పనిని మేం ఆట బయట చేశాం. చిప్స్ ప్యాకెట్లలో టాజోలని పోకెమాన్ బొమ్మల బిళ్ళలు వచ్చేవి. మధ్యాహ్నం అన్నాలయ్యాక స్కూల్ వరండాలో గచ్చు మీద అవి పరిచేవాళ్ళం. ఒకే బొమ్మ మూడుసార్లు వచ్చినవాడు లేనివాడిని వెతుక్కుంటూ వచ్చేవాడు. నాకు స్క్విర్టిల్ ఇచ్చిన పిల్లవాడి పేరు ఇప్పటికీ గుర్తుంది, ఆ వరసలో వాడు కూర్చున్న బెంచీ కూడా. అక్కడ జరిగింది అసలైన పోకెమాన్. సాయంత్రం ఇంటికొచ్చి ఒంటరిగా ఆడినదాంట్లో సగం లేదు.

ఆ మూసిన గది నాకు పెద్దయ్యాక తెరుచుకుంది. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఒక సెలవుకి వస్తూ పాతసామాన్ల కొట్లో కొన్న రెండు గేమ్‌బాయ్ కలర్‌లు, రెడ్, బ్లూ కాట్రిడ్జ్‌లు, ఒక తీగ పట్టుకొచ్చాడు. చెరొకటి తీసుకుని ఆడాం. అతను తిరిగి వెళ్ళే ముందు, రాత్రి భోజనాలయ్యాక, డాబా మీద మంచంలో పక్కపక్కన కూర్చున్నాం. తీగ పొడవు తక్కువ, దూరంగా జరిగితే లాగేస్తుంది, మోకాళ్ళు తగిలేలా కూర్చోవాల్సిందే. ఆ గేమ్‌బాయ్‌ల తెర వెనక దీపం ఉండదు కదా, ట్యూబ్‌లైట్ కిందికి ఇద్దరం కలిసి మంచం జరుపుకున్నాం.

"ఒరేయ్, ముందు నువ్వు పంపు" అన్నాడు.

"మళ్ళీ ఇస్తావు కదా అన్నయ్యా?" అన్నాను. నిజంగానే అడిగాను. అప్పటికే ఆ హాంటర్‌ని చాలా రోజులుగా పెంచుతున్నాను.

"ఇస్తానురా బాబూ" అని, కాసేపాగి, "నా మచోక్‌ని నువ్వూ ఇవ్వాలిగా" అన్నాడు.

బంతి వెళ్ళిపోయింది. నా తెర మీద అతని మచోక్ వచ్చి మచాంప్ కావడం మొదలైంది. అతని తెర మీద నాది మారుతోంది. ఇద్దరం మా తెరలు వదిలేసి ఎదుటివాళ్ళ తెర చూస్తున్నాం. కిందపెట్టిన నా గేమ్‌బాయ్‌లో అతని మచాంప్ పూర్తయిన సంగీతం వినిపించింది, నేను చూడలేదు. తర్వాత ఎవరివి వాళ్ళు వెనక్కి తీసుకున్నాం. ఒక్కటి మాత్రం తీసుకోలేదు. నా దగ్గర ఉన్న గ్రోలిత్‌ని అతనికి, అతని వల్పిక్స్‌ని నాకు ఉంచేసుకున్నాం. ఆ వల్పిక్స్ వివరాలు తెరిస్తే ఇప్పటికీ మా అన్నయ్య పేరు ఉంటుంది.

ఇదంతా వ్యాపారం కాదా అని అడిగేవాళ్ళున్నారు. రెండు రంగులు పెట్టి ఒకే ఆటని రెండుసార్లు అమ్మారు, పిల్లలు ఏడిస్తే తల్లిదండ్రులు రెండూ కొన్నారు. ఇది నిజమే, కాదనను. ఆ తర్వాత వచ్చిన ప్రతి తరానికీ రెండేసి ఆటలు పెట్టి ఇప్పటికీ అదే పద్ధతి నడుపుతున్నారు, అందులో లాభాపేక్ష ఉందనడంలో నాకు సందేహం లేదు. కానీ కేవలం రెండో కాట్రిడ్జ్ అమ్ముకోవడమే లక్ష్యమైతే ఆ 11 ప్రాణుల తేడా చాలు. రెండు రంగులూ ఒక్కడే కొనుక్కుని అన్నీ పట్టుకోగలిగేలా చేయవచ్చు. పేరు గుర్తుపెట్టుకోవడం, మాట వినకపోవడం, పేరు మార్చనివ్వకపోవడం, వీడ్కోలు వాక్యం, వీటిలో దేనివల్లా ఒక్క కాట్రిడ్జ్ ఎక్కువ అమ్ముడుపోదు. వీటిని శ్రద్ధతో పెట్టారు. మ్యూ విషయమే చూడండి. ఆట వచ్చిన కొన్నాళ్ళకి కొరోకొరో అనే పిల్లల పత్రిక 20 మందికి మ్యూ ఇస్తామంటే 78,000 మంది దరఖాస్తు పెట్టారు. కొనడానికీ పట్టడానికీ వీల్లేని, ఎవరో ఒకరు చేతికిస్తేనే వచ్చే ఆ ఒక్క ప్రాణి ఆటని జపాన్ అంతటా మోసుకెళ్ళింది.

రెండో అభ్యంతరం నాకు బరువైనది. స్నేహితుడు లేని పిల్లవాడి సంగతేమిటి? తీగ లేనివాడు, ఊళ్ళో ఒక్కడే గేమ్‌బాయ్ ఉన్నవాడు, కలివిడిగా ఉండలేనివాడు? వాళ్ళకి ఆట తలుపు వేసేసినట్టే కదా? నేను అలాంటి ఊళ్ళోనే పెరిగాను కాబట్టి ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేను. తయారుచేసినవాళ్ళు కూడా తీసుకోలేదు, ఆట లోపలే ఇచ్చిపుచ్చుకునే మనుషుల్ని పెట్టారు. వర్మిలియన్ ఊళ్ళో ఒకరికి స్పియరో ఇస్తే ఫార్‌ఫెచ్ట్ ఇస్తారు, డక్స్ అని పేరు కూడా పెట్టేసి ఉంటుంది. రెడ్, బ్లూలలో అది ఇంకే రకంగానూ దొరకదు. ఒంటరిగా ఆడే పిల్లవాడికి కూడా ఒక్కసారైనా ఇవ్వడం, ఇంకొకరు పెట్టిన పేరుతో బతకడం రుచి చూపించారు. ఛాంపియన్‌ని ఓడించి కథ ముగించడానికి తీగ అక్కర్లేదు. లోటు పుస్తకంలో మిగులుతుంది, అంతే. ఆ లోటు ఉండనివ్వడమే మంచిదని నా అభిప్రాయం.

తర్వాత వచ్చిన ఆటలు ఆ లోటుని పూడ్చుకుంటూ వచ్చాయి. 2006లో డైమండ్, పెర్ల్‌తో ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మార్చుకునే ఏర్పాటు వచ్చింది. 2013లో ఎక్స్, వైలలో వండర్ ట్రేడ్ వచ్చింది, ఒకటి వదిలితే ప్రపంచంలో ఎక్కడినుంచో ఒకటి వచ్చి పడుతుంది. అది నాకు నచ్చుతుంది. ఏం వస్తుందో తెలియకుండా మంచిదాన్ని పంపేవాళ్ళు ఉంటారు, అందులో ఒక ఉదారత ఉంది. 2022లో లెజెండ్స్ ఆర్సియస్‌లో మాత్రం లింకింగ్ కార్డ్ (కలిపే తీగ) అనే వస్తువు పెట్టారు. దాన్ని హాంటర్ మీద వాడితే చాలు, ఎవరికీ ఇవ్వకుండానే గెంగార్ అయిపోతుంది. మనిషి చేయాల్సిన పనిని సంచిలో ఒక సరుకుగా మార్చేశారు. సౌకర్యమే, ఒంటరిగా ఆడేవాళ్ళకి ఊరటే. అయినా ఆ వస్తువుని చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. చిన్నప్పుడు మేం ఆడిన మార్చిన ఆటలు చేసిన పనే ఇప్పుడు అసలు కంపెనీ చేస్తోంది.

ఈ విషయంలో పోకెమాన్ గో నయం. 2016 డిసెంబరులో మన దేశంలో మొదలైంది, మార్చుకునే ఏర్పాటు 2018లో వచ్చింది. ఉపగ్రహాల సాయంతో మనం ఎక్కడున్నామో చూసి నడిచే ఈ ఫోన్ ఆటలో కూడా, మార్చుకోవాలంటే ముందు స్నేహితులుగా చేరాలి, పైగా ఒకరికొకరు దగ్గరలో ఉండాలి అని మొదట్లో నియమం పెట్టారు. తీగ పోయినా తీగ పొడవు మిగిలింది.

ఇక పాత కాట్రిడ్జ్‌లు ఉన్నవాళ్ళకి తప్పనిసరిగా చెప్పాల్సిన విషయం. వాటిలో సేవ్ అంతా ఒక చిన్న గుండ్రటి బ్యాటరీ మీద నిలబడి ఉంటుంది. రెడ్, బ్లూలలో అది బోర్డుకి అతికించి ఉంటుంది. వాటి తర్వాత వచ్చిన గోల్డ్, సిల్వర్‌లలో గడియారం కూడా దాని మీదే నడుస్తుంది కాబట్టి ఇంకా త్వరగా అయిపోతుంది. అది చచ్చిన రోజు పట్టినవీ పెంచినవీ అన్నీ పోతాయి. గోల్డ్, సిల్వర్‌లకి పంపడానికి దారి ఉంది గానీ, అక్కడినుంచి 2002 తర్వాతి ఆటలకి వెళ్ళే దారి లేదు. ఈ పాత కాట్రిడ్జ్‌లలో పుట్టినవి వీటిలోనే బతకాలి.

బ్యాటరీ మార్చుకోవచ్చు, కానీ మార్చేటప్పుడు సేవ్ పోతుంది. కాట్రిడ్జ్‌లోని సేవ్‌ని కంప్యూటర్‌కి కాపీ చేసే పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి లేకపోతే ఆటలో ఉన్న ఉపాయం ఒక్కటే: ముందుగా మీకు ఇష్టమైనవాటిని ఇంకొకరి కాట్రిడ్జ్‌లోకి పంపేయడం. మన పెరుగు పాడైనప్పుడు, మనం పక్కింటికి ఇచ్చిన తోడే మళ్ళీ మనకి పనికొచ్చినట్టు, అప్పుడు మీ చేయి దాటినవే బతికి ఉంటాయి. పెట్టెల్లో భద్రంగా దాచుకున్నవి పోతాయి. బదులుగా వచ్చే రాట్టాటాలూ పీజీలూ మీ దగ్గర ఉంటాయి, అవి ఎలాగూ పోయేవే. బ్యాటరీ మార్చాక కొత్త ఆట మొదలుపెట్టి, ఓక్ దగ్గర పోకెడెక్స్ తీసుకునేదాకా ఆడండి. అప్పటిదాకా కేబుల్ కౌంటర్ పనిచేయదు. తర్వాత నాలుగు పిట్టల్ని పట్టుకుని వెళ్ళి ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి చొప్పున మీవి వెనక్కి తెచ్చుకోండి.

ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. కొత్త ఆట కాబట్టి మీ ఐడీ నంబరు మారిపోతుంది. మీరే పట్టి, మీరే పెంచి, మీ పేరే రాసి ఉన్న ప్రాణులు కూడా ఇప్పుడు మీకు బయటివాళ్ళ నుంచి వచ్చినవే. క్యాస్కేడ్ బ్యాడ్జ్ వస్తే 30వ లెవెల్ దాకా, రెయిన్‌బో వస్తే 50 దాకా, మార్ష్ వస్తే 70 దాకా మాట వింటాయి, ఎర్త్ బ్యాడ్జ్ వచ్చాకే అన్నీ. పోయిన సంక్రాంతికి అన్నయ్య వచ్చినప్పుడు నా రెడ్ కాట్రిడ్జ్‌కి ఈ పని చేయించాను. నా పాత వీనసార్ 48వ లెవెల్‌తో తిరిగి వచ్చింది, యుద్ధంలో దింపితే నిద్రపోతోంది. ప్రస్తుతం సెరూలియన్ జిమ్ దాటాను, రెయిన్‌బో బ్యాడ్జ్‌కి సెలడాన్ దాకా వెళ్ళాలి.